ముల్కీ, వీసా, మిల్లు అడ్వాన్సు

కర్ణాటకలో, సింధనూరు తాలూకాలో తుంగభద్ర ఎడమ కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చిన మా వాళ్ల ఊళ్లని ఊళ్లనరు, క్యాంపులంటారు. కాపురాలు దిగినప్పటి పేరు. మేడలు లేచినా, పెళ్లిళ్లు జరిగినా, మూడు తరాలు మారినా ఆ పేరు వదల్లేదు. అలాంటి ఒక క్యాంపులో, రైస్ మిల్లు ఆఫీసు గదిలో, మొన్న ఒక సాయంత్రం జరిగిన వాదన ఇది.

మిల్లు మావయ్యది. నాలుగేళ్ల వయసులో గోదావరి జిల్లా నుంచి తల్లి చంకనెక్కి వచ్చినవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. మేనకోడలు ఇక్కడే పుట్టింది, రాయచూరులో నర్సింగు చదివింది, అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. జర్మన్ భాషలో బీ2 పరీక్ష పాసైంది. జర్మనీలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం పంపిన ఒప్పందానికి తనే తెలుగు రాసి, పది రోజుల కింద మావయ్యకి ఇచ్చింది. సంతకానికి ఆయన అవసరం లేదు. కానీ ఆ ఇంట్లో ఆయన "సరే" అనకుండా ఇన్నాళ్లూ ఏదీ జరగలేదు. ఇద్దరికీ చుట్టాన్ని కాబట్టి నేను మధ్యలో కూర్చున్నాను. కిటికీ అవతల బస్తాల మీద ఇద్దరు హమాలీలు బీడీలు కాల్చుకుంటున్నారు.

మావయ్య: చదివానమ్మా. రెండుసార్లు చదివాను. దీని ప్రకారం నువ్వెవరివి?

మేనకోడలు: నర్సుని.

మావయ్య: అది తరవాత. ముందు విదేశీయురాలివి. పేరు పక్కన దేశం రాసి, వీసా రకం రాసి, ఎన్నాళ్లు ఉండొచ్చో రాసి, ఆ తరవాత కదా ఉద్యోగం పేరు రాశారు? ఇక్కడ రాయచూరు బస్టాండులో దిగితే నిన్నెవడైనా "ఎన్నాళ్లుంటావమ్మా?" అని అడిగాడా?

మేనకోడలు: మిమ్మల్ని అడగలేదా? మీ నాన్నగారు ఓ అయిదారేళ్లు ముందు బయల్దేరి ఉంటే అడిగేవాళ్లే. అమ్మమ్మ చెప్పేది కదా, ఇది నైజాం ఇలాకా అని. ఇక్కడి నాణెం హాలీ సిక్కా, అక్కడ బ్రిటిషు వాళ్ల కల్దారు. సరుకు దాటితే కరోడ్‌గిరీ సుంకం. తపాలా బిళ్ల కూడా వేరే. 1948 సెప్టెంబరు దాకా గోదావరి వాళ్లకి రాయచూరు పరదేశమే.

మావయ్య: మేం వచ్చేసరికి కాదు.

మేనకోడలు: కాకపోయినా ముల్కీ నిబంధనలు ఉన్నాయి. 1919 నాటి ఫర్మానా. బయటివాడు స్థానికుడనిపించుకోవాలంటే పదిహేనేళ్లు ఇక్కడ కాపురముండాలి. పైగా పాత ఊరికి తిరిగిపోయే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం రాసివ్వాలి. జర్మనీ వాళ్లు నా దగ్గర అలాంటి ప్రమాణం అడగలేదు. నాలాంటి అర్హత ఉన్న ఉద్యోగి మూడేళ్లకి స్థిరనివాసం అడగొచ్చు, అయిదేళ్లకి పౌరసత్వం అడగొచ్చు. నిజాం కంటే నయమే కదా?

మావయ్య: ముల్కీ సర్కారు నౌకరీ కోసమమ్మా. మా నాన్న నౌకరీకి రాలేదు, నేలకి వచ్చాడు. 1953లో డ్యాం నీళ్లు వదిలారు. అక్కడ డెల్టాలో ఉన్న ముక్క అమ్మితే ఇక్కడ దానికి ఎన్నో రెట్లు నల్లరేగడి వచ్చేది. కొన్నాడు, రిజిస్ట్రీ చేయించుకున్నాడు. ఆ తరవాత చూడు తమాషా. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. గద్వాల, ఆలంపూరు అప్పటిదాకా మన రాయచూరు జిల్లాలోవే. అవి ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. మేం మైసూరు రాష్ట్రంలో పడ్డాం. మా నాన్న అరుగు మీదనుంచి లేవనేలేదు, గీత మాత్రం ఆయన్ని దాటుకుని పోయింది. తెల్లారేసరికి వేరే భాష రాష్ట్రం. అయినా ఒక్క సెంటు భూమి పోలేదు. ఎందుకు పోలేదు?

మేనకోడలు: మీరే చెప్పండి.

మావయ్య: రాజ్యాంగం 19వ అధికరణం. దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా కాపురముండొచ్చు. కానీ అది పౌరుడికి. ఇదే గీత పౌరుడు కానివాడి మీదనుంచి పోతే ఏమవుతుందో మా అమ్మ తరఫు వాళ్లకి తెలుసు. మా అమ్మకి మేనమామ వరసాయన ఒకడు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్లాడు. రంగూన్‌ని రంగమనేవాళ్లు. ధాన్యం మిల్లులో కూలీ. అప్పట్లో బర్మా కూడా బ్రిటిషు ఇండియాలో ముక్కే, ఇంటి వెనక దొడ్డిలాంటిది. 1937లో విడదీశారు. 1942లో జపానువాడి బాంబులు పడితే లక్షల మంది అడవుల్లో పడి నడిచారు. ఆయన ఎక్కడ పడిపోయాడో ఇవాళ్టిదాకా కబురు లేదు. ఉన్నవాళ్లు ఉన్నారు కదా అనుకుంటే, 1962లో నే విన్ వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ సర్కారుపరం చేశాడు. మళ్లీ లక్షల మంది మూట సర్దుకున్నారు. విశాఖలో బర్మా క్యాంపు అని ఉంది, చూశావా? అదీ క్యాంపే, ఇదీ క్యాంపే. ఇక్కడ మాకు మేడలు లేచాయి. అక్కడ వాళ్లు తిరిగొచ్చి పాకలు వేసుకున్నారు. రెండింటికీ తేడా కష్టంలో లేదు, పౌరసత్వంలో ఉంది. విదేశీయుడి హక్కు అద్దెకొంపలో దీపం తల్లీ. ఇల్లుగలాయన ఊదేస్తాడు.

మేనకోడలు: 1942 వద్దు. ఇప్పటి సంగతి చెప్పండి.

మావయ్య: ఇప్పటి సంగతే చెబుతా. 2025 సెప్టెంబరు 19. అమెరికా అధ్యక్షుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. బయటి దేశం నుంచి కొత్తగా హెచ్‌1బీ మీద మనిషిని తెచ్చుకోవాలంటే లక్ష డాలర్లు కట్టాలన్నాడు. సెలవుకి ఇంటికొచ్చిన పిల్లలు ఆ రాత్రి విమానాశ్రయాలకి పరుగులు పెట్టారు, తమకి వర్తిస్తుందో లేదో కూడా తెలీక. మన క్యాంపుల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు అందులో. వాళ్లేమైనా దొంగదారిన వెళ్లారా? అన్నీ సవ్యంగా ఉన్నవాళ్లే.

మేనకోడలు: ఉన్నారు, కాదనను. మరి పౌరులై ఉండి పనికి ఏ కాగితమూ లేనివాళ్ల మాటేమిటి? దసరా, దీపావళి అయ్యాక మన మిల్లు ముందు నుంచే గుళే లారీలు, వలసకూలీల లారీలు పోతాయి. సామాన్లు, పొయ్యి, కోడి, పిల్లలు అన్నీ దాంట్లోనే. బెంగళూరులో భవనాల పని, గోవాలో రోడ్ల పని. మీరన్న 19వ అధికరణం వాళ్లకీ ఉంది. ఓటు ఉంది, ఆధార్ ఉంది. పనిచేయించేవాడి పేరు మాత్రం తెలీదు. మేస్త్రీ పేరొక్కటే తెలుసు.

మావయ్య: దానికీ చట్టం ఉందిగా.

మేనకోడలు: 1979లో చేశారు, రాష్ట్రం దాటి పోయే కూలీల కోసం. పేరు నమోదు చేయాలి, ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, జీతమెంతో ప్రయాణఖర్చెంతో అందులో రాయాలన్నారు. ఇన్నేళ్లలో మీరు ఒక్కడి చేతిలోనైనా ఆ పుస్తకం చూశారా? పైగా రాయచూరు నుంచి బెంగళూరు పోయినవాడికి అదీ వర్తించలేదు. నాలుగు వందల కిలోమీటర్లు పోయినా ఒకటే రాష్ట్రం కదా! 2020లో లాక్‌డౌన్ పెడితే ఆ దారంతా నడిచొచ్చారు. మీ 1942కి అడవి కావాల్సొచ్చింది. మనకి జాతీయ రహదారే సరిపోయింది.

మావయ్య: (కాసేపు ఆగి) అది నిజమే. కానీ వాళ్లు నడిచొచ్చింది ఇంటికి. వాళ్లని రావద్దనే హక్కు ఎవడికీ లేదు. నువ్వెళ్లే చోట "పో" అనే హక్కు వాళ్లకి ఎప్పుడూ ఉంటుంది. మన పక్కనే ఆర్.హెచ్. క్యాంపులున్నాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీలు. మన చేలల్లో నాట్లేశారు, మన పిల్లలతో కన్నడం బడికి వెళ్లారు. వాళ్లలో కొందరికి పౌరసత్వం కాగితం చేతికొచ్చింది ఎప్పుడో తెలుసా? 2024లో, పౌరసత్వ సవరణ చట్టం కింద. వచ్చినవాళ్లు పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలు తాతలయ్యారు. కాగితానికి అంతకాలం పట్టింది.

మేనకోడలు: మీరు నా వైపే వాదిస్తున్నారు మావయ్యా. కాగితం లేకుండా వస్తే ఎంత కాలం పడుతుందో చెప్పారు. నేను కాగితంతో వెళ్తున్నాను.

మావయ్య: కాగితం, కాగితం! కువైట్‌లో మంగాఫ్ అనే చోట 2024 జూన్ 12న కూలీల భవనం తగలబడింది. 45 మంది మనదేశంవాళ్లు పోయారు. అందులో మన కలబురగి మనిషీ ఉన్నాడు, ఆంధ్రా వాళ్లూ ఉన్నారు. కంపెనీలో ఉద్యోగం, కంపెనీ ఇచ్చిన ఇల్లు. పొగ కాగితం అడిగిందా?

మేనకోడలు: అడగలేదు. అందుకే "చట్టబద్ధం" అనే మాట ఒక్కటి చాలదంటాను. ఏ చట్టమో చూడాలి. మన కోనసీమ, కడప, కరీంనగర్ వాళ్లని అడగండి. గల్ఫ్‌లో వాళ్లకో మాటుంది, ఖల్లివల్లి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర్నుంచి తప్పుకుని, అకామా అనే నివాస కార్డు లేకుండా దాక్కుని పనిచేసేవాడు. వాడు దొంగదారిన వెళ్లలేదు. సక్రమంగా వీసా కొట్టించుకుని, విమానమెక్కి వెళ్లాడు. జీతమివ్వని కఫీల్‌ని వదిలి బయటికొచ్చాడు, అంతే. పొద్దున చట్టం లోపల ఉన్నవాడు సాయంత్రానికి చట్టం బయట పడ్డాడు. మారింది ఏమిటి? యజమాని.

మావయ్య: అదే నేనూ అంటున్నది.

మేనకోడలు: కాదు, మీరు "వెళ్లొద్దు" అంటున్నారు. నేను "యజమానిని మార్చుకునే హక్కు ఎక్కడుందో చూసి వెళ్లాలి" అంటున్నాను. కతార్‌లో కూడా 2020లో చట్టం మార్చారు. పాత యజమాని ఒప్పుకోలు పత్రం లేకుండా వేరే పనికి పోవచ్చన్నారు. అమలు ఎంతవరకూ ఉందన్నది వేరే గొడవ. కానీ చట్టానికి ఆయువుపట్టు ఎక్కడుందో వాళ్లకీ తెలిసింది. వీసా ఎంత గట్టిదో చూడకూడదు మావయ్యా, "ఈ పని నాకొద్దు" అన్న మర్నాడు నేనెక్కడుంటానో చూడాలి.

మావయ్య: ఎక్కడుంటావు? చెప్పు.

మేనకోడలు: మొదట్లో అక్కడ కూడా ఇష్టం వచ్చినట్టు మారలేను, విదేశీయుల కార్యాలయానికి చెప్పి అనుమతి తీసుకోవాలి. కానీ అనుమతి ఇచ్చేది కార్యాలయం, యజమాని కాదు. నా చదువుకి గుర్తింపు వచ్చాక ఆ గుర్తింపు నాది. ఆ కేంద్రం గోడకి మేకు కొట్టి తగిలించేది కాదు. నర్సులు కావాలని అడిగే చోట్లు ఆ దేశంలో కొల్లలు.

మావయ్య: గుర్తింపు వచ్చేదాకా?

మేనకోడలు: సహాయకురాలిగా చేయాలి.

మావయ్య: జీతం?

మేనకోడలు: 2025 జులై నుంచి వృద్ధుల సంరక్షణలో నర్సుకి గంటకి 20.50 యూరోలకి తగ్గకూడదు, శిక్షణ లేని సహాయకులకి 16.10.

మావయ్య: చూశావా! చేతిలో నాలుగేళ్ల చదువు, చేసేది ఆయా పని. ఇక్కడ మీ అమ్మమ్మ మంచాన పడితే సింధనూరు నుంచి నర్సుని పిలవలేక చచ్చాం. అక్కడెవరి అమ్మమ్మకో పక్క సర్దడానికి నువ్వు భాష నేర్చుకుని మరీ పోతున్నావు.

మేనకోడలు: పక్క సర్దడం చిన్నపనని ఎవరన్నారు? అమ్మమ్మకి సర్దింది నేనే.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. గుమాస్తా టీ తెచ్చాడు. మావయ్య సాసర్లో పోసుకుని, ఊదుకుని తాగి, కళ్లజోడు పెట్టుకుని కాగితాలు తిరగేశారు.)

మావయ్య: ఏజెంటుకి ఎంతిచ్చావు?

మేనకోడలు: రూపాయి ఇవ్వలేదు. గల్ఫ్ లాంటి 18 దేశాలకైతే మన ప్రభుత్వం అడ్డం పడుతుంది. పదో తరగతి పాసవని వాళ్లకి అనుమతి ముద్ర ఉండాలి, నర్సులకి చదువున్నా ఉండాలి. ఏజెంటు తీసుకోదగ్గది 30 వేలు, మీద జీఎస్టీ, అంతే. పది లక్షల బీమా ఉంటుంది.

మావయ్య: జర్మనీ ఆ 18లో ఉందా?

మేనకోడలు: లేదు.

మావయ్య: అంటే పాపం చదువుకోని డ్రైవరు వెంట సర్కారుంది. చదువుకున్న నీ వెంట ఎవరూ లేరు.

మేనకోడలు: లేరు. అందుకే నేనే చదువుకోవాల్సొచ్చింది. 2021 నుంచి కేరళలో ట్రిపుల్ విన్ అని నడుస్తోంది. రెండు ప్రభుత్వాలూ కలిసి నర్సుల్ని పంపుతాయి. అక్కడ సూత్రం ఒకటే. మనిషి ఎవరికి కావాలో ఖర్చు వాళ్లదే. మా కేంద్రం కూడా అదే పద్ధతన్నది. భాష నేర్పిన ఫీజు, పరీక్ష ఫీజు, టికెట్టు అన్నీ వాళ్లవే.

మావయ్య: వాళ్లవే? పదకొండో పేజీ తియ్యి. నువ్వే రాశావు తెలుగులో. గట్టిగా చదువు.

మేనకోడలు: "ఉద్యోగి తన ఇష్టంతో మూడేళ్లలోపు ఉద్యోగం మానినచో, శిక్షణకు, ప్రయాణానికి సంస్థ వెచ్చించిన మొత్తాన్ని తిరిగి చెల్లించవలెను."

మావయ్య: దీన్ని ఏమంటారో తెలుసా?

మేనకోడలు: తిరిగి చెల్లింపు షరతు.

మావయ్య: మేం అడ్వాన్సంటాం. (సొరుగు మీద చెయ్యేసి) నలభై ఏళ్లుగా నేను చేసే పనే ఇది. సీజనుకి ముందు హమాలీ ఇంట్లో పెళ్లో, పురుడో, జబ్బో ఏదో వస్తుంది. వస్తుందని నాకు తెలుసు. డబ్బిస్తాను. వడ్డీ లేదు. పుస్తకంలో రాస్తాను, వేలిముద్ర వేస్తాడు. వాణ్ణి కొట్టను, తిట్టను. గేటుకి తాళం వెయ్యను. కానీ సీజనయ్యేదాకా వేరే మిల్లుకి పోలేడు. పోవాలంటే ఆ మిల్లాయన వచ్చి నా బాకీ తీర్చి తీసుకుపోతాడు. ఏం కొన్నట్టు? మనిషినా? కాదు, బాకీని. మనిషి దాని వెనకాల నడిచి వెళ్తాడు. 1976లోనే వెట్టి రద్దయింది, నాకూ తెలుసు. నేను చేసేది వెట్టి కాదని ఏ అధికారి ముందైనా చెప్పగలను. నీ జర్మనీవాడూ చెప్పగలడు. పదకొండో పేజీ చదవగానే నాకు నిద్ర పట్టలేదే అమ్మాయ్. అంత నున్నటి కాగితం మీద నా చేతిరాత కనిపించింది.

మేనకోడలు: (చాలాసేపటికి) ఆ పుస్తకం వాళ్లకి ఎప్పుడైనా చదివి వినిపించారా?

మావయ్య: వాళ్లు అడగలేదు.

మేనకోడలు: నేను అడుగుతాను. ఎంత ఖర్చయిందో లెక్క రాసివ్వమంటాను. నెల నెలా ఎంత తగ్గుతుందో రాయమంటాను. ఏడాది పనిచేస్తే మూడోవంతు పోవాలి, రెండేళ్లు చేస్తే రెండు వంతులు పోవాలి. వాళ్ల వల్ల మానాల్సొస్తే ఒక్క పైసా కట్టనని రాయమంటాను. న్యాయంగా నియమించుకునే సంస్థలకి జర్మనీ ప్రభుత్వం ఒక ముద్ర ఇస్తోంది, అది మీకుందా అని అడుగుతాను. అక్కడ ఉద్యోగుల సంఘముంటుంది, యూనియనుంటుంది. విదేశీయురాలినైనా చేరొచ్చు. నా జీతం నుంచి పింఛనుకి కోసేది ఊరికే పోదు. 2017 మే 1 నుంచి రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం నడుస్తోంది. మీ హమాలీకీ నాకూ తేడా తెలివిలో లేదు. వాడు వేలిముద్ర వేసింది తన భాషలో చదవడానికి ఎవరూ లేక. నేను సంతకం పెట్టేముందు పరాయి భాష నేర్చుకున్నాను.

మావయ్య: అడిగితే "వద్దు పో" అంటాడు.

మేనకోడలు: అంటే నాకు తెలిసిపోతుంది కదా, ఎలాంటివాడో. విమానమెక్కక ముందు తెలియడం మేలు. గల్ఫ్ వెళ్లినవాళ్లలో చాలామందికి దిగాక తెలిసింది. అప్పటికి ఇక్కడ పొలం తాకట్టులో ఉంది.

మావయ్య: సరే, కాగితం సంగతి వదిలేద్దాం. ఇంకోటి చెప్పు. రాయచూరు నీకేమీ కాదా? 2018లో నీతి ఆయోగ్ వెనకబడ్డ జిల్లాల చిట్టా వేస్తే కర్ణాటక నుంచి రెండే పేర్లు. మనదీ, యాదగిరీ. ఎయిమ్స్ కావాలని 2022 మే నుంచి రాయచూరులో జనం దీక్షకి కూర్చున్నారు. రేపు ఎయిమ్స్ ఇస్తే అందులో సూది వేసేదెవరు? నర్సులందరినీ విమానమెక్కించి, గోడలు కట్టించుకుందామా? నీకు సీటొచ్చింది 371జె సర్టిఫికెట్ మీద. ఈ నేలవాళ్లు వెనకబడ్డారని రాజ్యాంగాన్ని సవరించి తెచ్చుకున్న సీటు అది. అది తీసుకుని పోతావా?

మేనకోడలు: ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాయచూరుకి నేను బాకీ ఉన్నాను. ఒప్పుకుంటాను.

మావయ్య: మరి?

మేనకోడలు: బాకీ ఉంటే కట్టేస్తారా మావయ్యా? ఇప్పుడే కదా పుస్తకం గురించి చెప్పారు. నేను బాకీ తీర్చే దారులు వెతుక్కుంటాను. తిరిగొచ్చి తీరుస్తానో, నేర్చుకున్నది నేర్పి తీరుస్తానో. కానీ జిల్లా నా పేరు మీద అడ్వాన్సు రాసుకుని, సీజనయ్యేదాకా కదలొద్దంటే ఒప్పుకోను. జిల్లాకి నర్సులు నిలవాలంటే జీతం చూడాలి, డ్యూటీ గంటలు చూడాలి. నా జీతం మీ గుమాస్తా జీతం కంటే తక్కువ. ఆయన్ని అడిగే చెబుతున్నాను.

మావయ్య: మాట తిప్పేశావు.

మేనకోడలు: నేను తిప్పలేదు. పుస్తకం మీదే. అసలు ఈ నేలకి బాకీ లెక్క మొదలెడితే మనింటినుంచే మొదలెట్టాలి. కాలువ తవ్వింది తక్కువ నీటి పంటల కోసం. జొన్న, పత్తి, వేరుశనగ. మన క్యాంపులు వచ్చి వరి పెట్టాయి. పైన మనం రెండు కార్లు సోనా మసూరి పండిస్తే, కింద మాన్వి, రాయచూరు చివరి భూములవాళ్లు కాలువలో దుమ్ము చూసుకున్నారు. మీ నాన్నగారికి నేల అమ్మినవాళ్ల మనవలు ఇవాళ గుళే లారీ ఎక్కుతున్నారు. మనం పౌరులం, రిజిస్ట్రీ ఉంది, అంతా చట్టప్రకారమే. చట్టప్రకారం వచ్చినవాడు కూడా ఆ ఊరికి ఏదో ఒకటి బాకీ పడతాడు. నేను జర్మనీలో పడతాను. ఆ ముసలివాళ్లకీ పడతాను, ఇక్కడి ముసలివాళ్లకీ పడతాను. రెండు చోట్లా తెలిసి పడటం మంచిది.

మావయ్య: నేను వరి వేశానని నన్ను దొంగని చేశావు.

మేనకోడలు: లేదు. వలసొచ్చినవాడన్నాను. మీరు ఆ మాట ఒప్పుకోరు, అంతే. క్యాంపు అనే పేరు ఊరికే నిలిచిందా?

(మావయ్య నవ్వారు. అది ఒప్పుకోలు కాదు. జేబులోంచి పెన్సిలు తీసి పదకొండో పేజీ అంచున ఏదో గీశారు.)

మావయ్య: ఇదుగో, రాసుకో. ఒకటి, నెల నెలా తగ్గాలన్నావే, అది అంకెలతో రాయించు. "తగు విధంగా" అని రాస్తే ఒప్పుకోకు. నేను కూడా "తగు విధంగా" అనే చెబుతాను. రెండు, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి. భద్రంగా దాచిపెడతామంటారు. నేనూ కొందరి రేషన్ కార్డులు భద్రంగానే దాచాను. మూడు, ఉండే గది అద్దె జీతంలోంచి కోస్తారో లేదో అడుగు, ఉద్యోగం మానిన రోజున గది కూడా పోతుందేమో అడుగు. ఉద్యోగం, ఇల్లు ఒకడి చేతిలోనే ఉంటే మనిషి నోరు పెగలదు. మా హమాలీ గదులు మిల్లు కాంపౌండులో ఎందుకున్నాయనుకున్నావు?

మేనకోడలు: ఇవన్నీ మీకెలా తోస్తాయి?

మావయ్య: దొంగకి దారులు తెలుస్తాయే తల్లీ. నాలుగోది నా వంతు. తిరుగు టికెట్టు డబ్బు నీ పేరున బ్యాంకులో వేస్తాను. ఏ రోజు బుద్ధి పుడితే ఆ రోజు ఎక్కెయ్. ఇది అడ్వాన్సు కాదు, పుస్తకంలో రాయను.

మేనకోడలు: అంటే వెళ్లమన్నట్టేనా?

మావయ్య: అనలేదు. విదేశీయుడికి నేల ఉండదన్న మాట మీద నేనింకా అలాగే ఉన్నాను. కాగితం ఎంత మంచిదైనా అది వాళ్ల కాగితం. కాకపోతే వెళ్లేదానివి చేతులూపుకుంటూ వెళ్లకు. పదకొండో పేజీ మార్పించుకురా, అప్పుడు మాట్లాడదాం.

మేనకోడలు: మార్చకపోతే వెళ్లను. మాటిస్తున్నాను. మారిస్తే మాత్రం మీ పుస్తకం కూడా ఇలాగే, ఈ టేబుల్ మీద, పేజీ పేజీ చదవాలి. నెల నెలా ఎంత తగ్గుతుందో అంకెలతో.

మావయ్య: మెల్లిగా మాట్లాడు. ఈ సంగతి హమాలీల దాకా పోయిందంటే రేపు పొద్దున గేటు దగ్గర సంఘం జెండా ఉంటుంది.

మేనకోడలు: కిటికీ తీసే ఉంది మావయ్యా. బీడీ వాసన ఆగిపోయి చాలాసేపైంది. వింటూనే ఉన్నారు.